రాయగడ నుంచి పర్లాకిమిడి దాకా: చిన్న ఆసుపత్రి లేబర్ రూములో సిమ్యులేషన్ శిక్షణ మొదలుపెట్టడం ఎలా

దక్షిణ ఒడిశాలోని గుణుపురం, మునిగుడ, కాశీనగర్ లాంటి చోట్ల లేబర్ రూములో కాన్పులు ఎక్కువగా సాఫీగానే అవుతాయి. కాన్పయ్యాక ఆగని రక్తస్రావం మాత్రం ఎవరి డ్యూటీలో వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒక్కో సిస్టరుకు నెలల తరబడి అలాంటి కేసే తగలకపోవచ్చు. తగిలిన రాత్రి ఆమె పక్కన ఆయా తప్ప ఇంకెవరూ ఉండకపోవచ్చు. పెద్దాసుపత్రికి పంపాలంటే బరంపురమైనా, కోరాపుటైనా, విశాఖపట్నమైనా గంటల ప్రయాణం. ఆ మొదటి పది నిమిషాల్లో ఎవరు ఏం చేయాలో చేతులకు ముందే అలవాటై ఉండాలి. అప్పటికప్పుడు నేర్చుకునే వ్యవధి ఉండదు.

సిమ్యులేషన్ అంటే ఆ రాత్రిని ముందుగానే, ఎవరికీ హాని లేకుండా, మన గదిలో మన మనుషులతో నడిపి చూసుకోవడం. రోగి స్థానంలో బొమ్మను పెట్టొచ్చు, మనిషినే పడుకోబెట్టొచ్చు. నార్వేలో ఆట బొమ్మలు చేసే ఆస్మండ్ లేర్డాల్ 1960లో 'రెససి ఆన్' బొమ్మను తెచ్చాక గుండె ఆగినవారికి ఊపిరి పోయడం ప్రపంచమంతా దాని మీదే నేర్చుకుంది. ఆ తర్వాత ఊపిరి తీసే బొమ్మలు, నాడి కొట్టుకునే బొమ్మలు, కళ్ళార్పే బొమ్మలు వచ్చాయి. అంత ఖరీదైన బొమ్మ లేకపోతే సిమ్యులేషన్ చేయలేమన్న భయం కూడా వాటితోపాటే వచ్చింది. ఈ రంగానికి పునాది వేసినవారిలో ఒకరైన స్టాన్‌ఫర్డ్ మత్తు డాక్టరు డేవిడ్ గాబా 2004లోనే దీనికి జవాబు చెప్పారు. సిమ్యులేషన్ ఒక పద్ధతి, యంత్రం కాదు అని.

దీనికి గట్టి రుజువు టాంజానియా నుంచి వచ్చింది. అక్కడి 30 ఆసుపత్రుల్లో సిబ్బంది తమ లేబర్ రూముల్లోనే తక్కువ మోతాదులో, తరచుగా సాధన చేశారు. దాదాపు 3 లక్షల కాన్పులను గమనించిన ఆ అధ్యయనం 2025లో అచ్చయింది. పుట్టిన మొదటి రోజు పసికందుల మరణాలు దాదాపు 40 శాతం తగ్గాయని అందులో తేలింది. ఏడాదికోసారి జిల్లా కేంద్రంలో రెండు రోజుల శిక్షణ, భోజనం, సర్టిఫికెట్ అనే మన పద్ధతికి ఇది పూర్తిగా భిన్నమైన దారి. నాకు దీని మీదే నమ్మకం. లేబర్ రూము ఇన్‌చార్జి సిస్టర్లు, నర్సింగ్ ట్యూటర్లు, కొత్తగా చేరిన మెడికల్ ఆఫీసర్లు దీన్ని రేపే మొదలుపెట్టగలరు.

మొదటి మెట్టు: ఒక్క అత్యవసరాన్ని ఎంచుకోండి

గుర్రపువాతం (గర్భిణికి వచ్చే ఫిట్స్), అడ్డం తిరిగిన బిడ్డ, పాము కాటు, గుండెపోటు అంటూ జాబితా రాసుకుంటే ఏదీ మొదలవదు. మీ లేబర్ రూము రిజిస్టరు, రిఫరల్ రిజిస్టరు ముందు పెట్టుకుని గడిచిన ఏడాది చూడండి. ఎవరిని పంపించాం, ఎందుకు పంపించాం, ఎక్కడ చేతులు వణికాయి అన్నది తెలుస్తుంది. చాలా చోట్ల అది మీకు చూపేది కాన్పు తర్వాతి రక్తస్రావాన్నే. మనం పీపీహెచ్ అంటాం. ఇక్కడ ఉదాహరణగా దాన్నే తీసుకుంటున్నాను. ఇది పట్టుబడ్డాక పుట్టగానే ఏడవని బిడ్డ సంగతి చేపట్టండి. మూడోది ఏమిటన్నది మీ రిజిస్టరే చెబుతుంది.

రెండో మెట్టు: అనుమతి, మనుషులు

సూపరింటెండెంటు గారికి లేదా మెడికల్ ఆఫీసరు గారికి రెండే ముక్కలు చెప్పండి. ఖర్చు పెద్దగా లేదు, వారానికి సుమారు అరగంట కావాలి. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ 'లక్ష్య' కార్యక్రమం లేబర్ రూము నాణ్యత కోసమే పెట్టింది కాబట్టి ఈ సాధన ఆ పనిలో ఇమిడిపోతుంది. వేరే ఫైలు తెరవనక్కర్లేదు.

నడిపేందుకు ఇద్దరు చాలు. ఒకరు కథ, అంటే మనం కల్పించుకున్న కేసు, నడుపుతారు, ఇంకొకరు గడియారం చూస్తూ రాసుకుంటారు. పాల్గొనేవాళ్ళు మాత్రం నిజంగా ఆ గదిలో పనిచేసేవాళ్ళే కావాలి. సిస్టర్లు, ఏఎన్‌ఎమ్‌లు, డాక్టరు గారు, ఆయా, స్ట్రెచర్ తోసే అబ్బాయి. ఆయాను పిలవకుండా చేసే సిమ్యులేషన్ సగం అబద్ధం. రక్తపు గుడ్డలను ముందుగా చూసేది, సీసా అందించేది, అంబులెన్సు వరకు పరిగెత్తేది ఆమే.

మూడో మెట్టు: సామాను సమకూర్చుకోవడం

బిహార్‌లో నర్సులకు శిక్షణ ఇచ్చిన 'ప్రోంటో' బృందం 'పార్టో ప్యాంట్స్' అనే దుస్తులు వాడింది. ఆపరేషన్ థియేటర్ ప్యాంటునే కొద్దిగా మార్చి కుడితే అది తయారవుతుంది. నర్సు అది తొడుక్కుని మంచం మీద పడుకుంటే ఆమే తల్లి. ముందు భాగంలో చీలిక ఉంటుంది, దాని గుండా బొమ్మ బిడ్డ, మాయ, రక్తం బయటికి వస్తాయి. మీ ఊరి దర్జీకి చూపిస్తే కుట్టిస్తాడు. కొనగలిగితే లేర్డాల్ వాళ్ళ 'మామానటాలీ' ఉంది. దాన్ని ఒక మనిషి పొట్టకు కట్టుకుని రక్తం ఎంత రావాలో, గర్భసంచి ఎంత గట్టిగా ఉండాలో లోపలి నుంచే చేత్తో అదుపు చేస్తారు. మొదటి కొన్ని నెలలకు కుట్టించిన ప్యాంటే సరిపోతుంది.

తల్లిగా మనిషే పడుకోవడంలో బొమ్మతో రాని లాభం ఒకటుంది. ఆమె మూలుగుతుంది, "కళ్ళు తిరుగుతున్నాయి" అంటుంది, "నా బిడ్డేదీ" అని అడుగుతుంది. అప్పుడు అందరి చేతులూ పని మీదే ఉండి ఆమెకు ఎవరూ జవాబివ్వకపోతే, ఆ సంగతి ఆమే తర్వాత చెబుతుంది.

గర్భసంచికి రెండు వస్తువులు కావాలి. సగం గాలి ఊదిన బెలూను మెత్తబడిన సంచికి, గట్టి రబ్బరు బంతి బిగిసిన సంచికి. పొట్ట మీద గుడ్డ కింద ఒకటి పెట్టి, మసాజ్ సరిగా చేశాక రెండోది మార్చాలి. మాయ కోసం ఎర్రగా తడిపిన స్పాంజిని గుడ్డలో చుట్టండి. రక్తానికి నీళ్ళలో తిండికి వాడే ఎర్ర రంగు, కాస్త చిక్కదనానికి మొక్కజొన్న పిండి కలపండి. పారాణి, కుంకుమ మాత్రం వద్దు. పరుపు మీద, యూనిఫాం మీద మరక పడిందంటే పోదు.

రక్తం తయారయ్యాక, ఇంకే కథా మొదలుపెట్టకముందు, ఒక పని చేయండి. కొలగ్లాసుతో 500 మిల్లీలీటర్లు తీసుకుని, ఒకసారి శుభ్రమైన ప్యాడ్ల మీద, ఒకసారి మడతపెట్టిన నూలు చీర మీద, ఒకసారి నేల మీద పోయండి. ఎంత పోశారో చెప్పకండి. అందరినీ చూడమని, ఎవరి అంచనా వాళ్ళు కాగితం మీద రాయమనండి. నేల మీది మడుగు చాలామందిని భయపెడుతుంది, దానికి ఎక్కువ రాసేవాళ్ళూ ఉంటారు. చీర మీదిది చూసి "నూట యాభై, రెండు వందలు" అని రాస్తారు. చీర మడతలు రక్తాన్ని లోపలికి పీల్చేసుకుంటాయి, పైకి కనిపించేది అంచు తడి మాత్రమే. ఆ తర్వాత కొలగ్లాసు చూపించండి. రక్తస్రావాన్ని కంటితో తక్కువగా అంచనా వేయడం ప్రపంచమంతటా ఉన్నదే. అందుకే కాన్పు కాగానే తల్లి కింద గీతలున్న కొలత సంచి పరచాలి. అది ఎందుకో ఈ పది నిమిషాల్లో అర్థమైనంత బాగా ఏ ఉపన్యాసంతోనూ అర్థం కాదు.

ఆ సంచిని వాడి, ఆలస్యం లేకుండా చికిత్స మొత్తం కలిపి ఇస్తే ఏమవుతుందో 2023లో అచ్చయిన 'ఈ-మోటివ్' అధ్యయనం చూపించింది. తీవ్ర రక్తస్రావం, దాని వల్ల కడుపు కోయాల్సి రావడం, మరణం, ఈ మూడింటినీ కలిపి లెక్కేస్తే 60 శాతం తగ్గాయి. ఇలా కలిపి ఇచ్చే చికిత్సల కట్టలో ఉన్నవి మనకు తెలిసినవే: ముందుగా గుర్తించడం, గర్భసంచి మసాజ్, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, కారణం వెతికి పైవాళ్ళను పిలవడం. ఒకదాని ఫలితం కోసం ఆగి రెండోది చేయకుండా అన్నీ వెంటనే కలిపి చేయడమే అందులో కొత్త. 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకాస్త ముందుకు వెళ్ళాయి. 500 మిల్లీలీటర్ల దాకా ఆగొద్దు, 300 దాటి నాడి లేదా రక్తపోటు తేడాగా ఉంటే అప్పుడే కదలండి అన్నాయి.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. శిక్షణకు వాడే సీసాలో నీళ్ళుంటాయి కాబట్టి ప్రతి సీసా మీద, సిరంజి మీద "శిక్షణకు మాత్రమే" అని పెద్దక్షరాలతో తెలుగులో, ఒడియాలో అంటించండి. మొదలుపెట్టేముందు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ముగిశాక మళ్ళీ లెక్కపెట్టండి. అసలు ఎమర్జెన్సీ ట్రేను ముట్టుకోకండి, దాని నకలు ట్రే పెట్టుకోండి. నిజమైన నొప్పుల తల్లి గదిలో ఉంటే ఆ రోజు సిమ్యులేషన్ ఉండదు. వరండాలో కూర్చున్న బంధువులకు ముందుగా చెప్పాలి. లోపల "రక్తం, రక్తం" అని అరుపులు వినిపిస్తే కొండ ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు బిడ్డనెత్తుకుని వెళ్ళిపోయినా ఆశ్చర్యం లేదు. ఆశా కార్యకర్త చేత వాళ్ళ భాషలో చెప్పించండి.

నాలుగో మెట్టు: ఒక పేజీ కథ రాయండి

లక్ష్యాలు మూడుకు మించకూడదు. ఉదాహరణకు: రక్తస్రావం గుర్తించిన వెంటనే సాయం పిలవడం, కట్టలోని చికిత్సలన్నీ పదిహేను నిమిషాల్లోపు మొదలుపెట్టడం, రిఫరల్ ఫోను స్పష్టంగా చేయడం.

కథ: ఇరవై ఆరేళ్ళ తల్లి, నాలుగో కాన్పు. దూరపు గూడెం నుంచి వచ్చి, గర్భిణులు కాన్పుకు ముందే వచ్చి ఉండే 'మా గృహ'లో ఉంటూ నొప్పులు రాగానే వార్డుకొచ్చింది. బిడ్డ బాగున్నాడు, మాయ పూర్తిగా వచ్చింది. రాత్రి రెండు గంటలు. డ్యూటీలో ఒక సిస్టరు, ఒక ఆయా. తోడుగా అత్తగారు, ఆమెకు కువి తప్ప ఇంకో భాష రాదు.

ఆరంభంలో కొలత సంచిలో రక్తం 300 మిల్లీలీటర్లు, నాడి 108, రక్తపోటు 104/64, గర్భసంచి మెత్తన. మూడో నిమిషంలో రక్తం 500. ఎవరూ మసాజ్ మొదలుపెట్టకపోతే ఐదో నిమిషంలో నాడి 126, రక్తపోటు 88/54, తల్లి మాట తడబడుతుంది. మసాజ్, ఆక్సిటోసిన్ పడితే బెలూను బదులు గట్టి బంతి వస్తుంది, రక్తం తగ్గుతుంది. ట్రానెక్సామిక్ ఆమ్లం ఒక గ్రాము, నరంలోకి నెమ్మదిగా, పది నిమిషాల్లో. కాన్పయిన మూడు గంటల్లోపే ఇస్తేనే దానితో ఉపయోగం. ఆక్సిటోసిన్ మోతాదు, సెలైన్ వేగం మీ ఆసుపత్రి ప్రోటోకాల్ ప్రకారమే రాయండి. ఇక్కడ చదివి మార్చుకోకండి. మూత్రాశయం ఖాళీ చేశారా, చిరుగులు చూశారా అన్నవి కూడా కథలో ఉండాలి. రిఫరల్ ఫోను ముగియడంతో కథ ఆగుతుంది.

మన ప్రాంతంలో కథ రాసేటప్పుడు ఎవరూ వదలకూడనిది భాష. రాయగడ, గజపతి జిల్లాల్లో ఒక్క మంచం చుట్టూ నాలుగు భాషలుంటాయి. డాక్టరు గారు ఒడియాలో చెబుతారు, సిస్టర్లు తమలో తాము తెలుగులో మాట్లాడుకుంటారు, మందుల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, తల్లి కువిలోనో సవరలోనో మూలుగుతుంది. మామూలు రోజుల్లో ఇది మనకు బలం. కంగారులో అదే మాట కింద పడటానికి దారి. "ఇంకొకటి పెట్టు" అని తెలుగులో అన్నప్పుడు అది సెలైనా, ఆక్సిటోసినా అన్నది పక్కనున్న ఒడియా సిస్టరుకు తెలియదు.

దీనికి మూడు నియమాలు పెట్టుకుని కథలోనే సాధన చేయండి. ఏ ఆదేశమైనా గాలిలోకి కాకుండా మనిషిని పిలిచి చెప్పాలి. విన్నవాళ్ళు మందు పేరు, మోతాదు తిరిగి అనాలి. పని అయ్యాక "అయింది" అని గట్టిగా చెప్పాలి. ఇక తల్లి తల దగ్గర ఒకరు నిలబడి, ఆమె భాష ఏ కొంచెమైనా వచ్చినవాళ్ళు, చేయి పట్టుకుని ఏం జరుగుతోందో చెబుతూ ఉండాలి. ఆ పని చాలాసార్లు ఆయాకే దక్కుతుంది, ఆమె దాన్ని చాలా బాగా చేస్తుంది. ఆ పాత్రను కాగితం మీద ఆమె పేరుతోనే రాయండి.

ఐదో మెట్టు: మొదలయ్యేముందు ఐదు నిమిషాలు

దీన్ని దాటేసి నేరుగా కథలోకి దూకితే అందరూ పరీక్షకొచ్చినట్టు బిగుసుకుపోతారు. మన ఆసుపత్రుల్లో పెద్ద, చిన్న అన్న మెట్లు బలంగా ఉంటాయి. డాక్టరు గారి ఎదుట తప్పు జరిగితే రేపు రోస్టరులో కనిపిస్తుందన్న భయం ఉత్తిదేం కాదు. అందుకే డాక్టరు గారి చేతే ఈ మాటలు చెప్పించండి: "ఇది ఎవరికీ మార్కులు వేసే పని కాదు. ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలివుంది, చదువుంది, ఇంకా బాగా చేయాలన్న కోరిక ఉంది. ఈ గదిలో చూసింది గది దాటదు. నేనూ తప్పు చేస్తాను, నాకూ చెప్పండి." ఈ భావం బోస్టన్‌లోని సెంటర్ ఫర్ మెడికల్ సిమ్యులేషన్ వాళ్ళు ప్రచారంలోకి తెచ్చింది. అది మన నోటికి తగ్గట్టు మారితేనే పనిచేస్తుంది.

ఏది నిజం, ఏది నటన అన్నదీ ముందే చూపించండి. నాడి కొలవాలంటే చెయ్యి పట్టుకోవాలి, అంకె నడిపేవాళ్ళు చెబుతారు. సూది నిజంగా గుచ్చకూడదు. మందు తీసి, లేబుల్ చదివి, సిరంజిలోకి ఎక్కించడం మాత్రం నిజంగానే చేయాలి. "ఇచ్చాననుకోండి" అంటే కుదరదు. సీసా తెరవడానికి పట్టే సమయం కూడా మనం తెలుసుకోవాల్సినదే.

ఆరో మెట్టు: కథ నడపడం

ఎనిమిది నుంచి పది నిమిషాలు. ఎవరైనా తడబడితే మధ్యలోకి వెళ్ళి అందించకండి. గడియారం మనిషి నాలుగు సమయాలు రాస్తే చాలు: సాయం పిలిచింది, మసాజ్ మొదలైంది, ఆక్సిటోసిన్ ఇచ్చింది, రిఫరల్ ఫోను చేసింది. ఫోనులో వీడియో తీయాలంటే అందరూ ఒప్పుకోవాలి, చూశాక అక్కడే తుడిచేయాలి.

ఏడో మెట్టు: డిబ్రీఫింగ్

డిబ్రీఫింగ్ అంటే కథ ముగిశాక జరిగినదాన్ని అందరూ కూర్చుని మాట్లాడుకోవడం. నేర్చుకునేదంతా ఇక్కడే. కథకు పది నిమిషాలైతే దీనికి ఇరవై ఇవ్వండి. మంచం చుట్టూ నిలబడి కాదు, కుర్చీలు గుండ్రంగా వేసుకుని, టీ తెప్పించుకుని కూర్చోండి. ఎప్పిచ్, చెంగ్ అనే ఇద్దరు డాక్టర్లు 2015లో ప్రతిపాదించిన 'పెర్ల్స్' పద్ధతి తేలిగ్గా పట్టుబడుతుంది: ముందు ఎలా అనిపించింది, తర్వాత ఏం జరిగింది, ఆపైన ఎందుకు అలా జరిగింది, చివరికి రేపటి డ్యూటీకి ఏం తీసుకెళ్తాం.

మొదటి ప్రశ్న అడిగి ఊరుకోండి. నిశ్శబ్దం ఇబ్బందిగా ఉన్నా నింపకండి. మొదట మాట్లాడేది చిన్న హోదా వాళ్ళయితే మంచిది. పెద్దవాళ్ళు మొదలుపెడితే మిగతావాళ్ళు తల ఊపుతారు.

"ఎందుకు" దగ్గర నడిపేవాళ్ళ నేర్పు తెలుస్తుంది. "ఆక్సిటోసిన్ ఎందుకు ఆలస్యం చేశారు?" అంటే అది నిందే, ఎంత మెత్తగా అన్నా. నేను చూసింది ఇది, నాకు ఇలా అనిపించింది, మీ మనసులో ఏముందో చెప్పండి, ఈ వరసలో అడగాలి. ఉదాహరణకు ఇలా సాగొచ్చు:

"సిస్టర్, సాయం పిలిచిన నాలుగు నిమిషాలకు ఆక్సిటోసిన్ పడింది. మధ్యలో మీరు రెండుసార్లు గది బయటికి వెళ్ళొచ్చారు. మందు ఆలస్యమవుతోందని నాకు ఆదుర్దాగా ఉంది. మీకు అప్పుడు ఏమనిపించింది?"

"ఫ్రిజ్ తాళం ఇన్‌చార్జి అక్క దగ్గరుంటుందండీ. రాత్రి అక్క ఉండరు కదా. తాళం ఎక్కడ పెట్టి వెళ్ళారో వెతుకుతున్నాను."

"రోజూ రాత్రి అంతేనా?"

"రోజూ అంతేనండీ. కేసు రాలేదు కాబట్టి బయటపడలేదు."

ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టడం సరైనదే. తాళం వేయడానికీ కారణం ఉండే ఉంటుంది. సిస్టరు తప్పేం లేదు. తాళానికి చోటు లేదు, అంతే. ఆ ఒక్క ప్రశ్న నిందగా వచ్చి ఉంటే ఆమె "సారీ అండీ, ఇకమీదట తొందరగా చేస్తాను" అని తలదించుకునేది. తాళం సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆయాను కూడా అడగండి. "అమ్మా, మీరేం చూశారు?" అంటే చాలాసార్లు వచ్చే జవాబు వింటే మనసు కలుక్కుమంటుంది: "చీర కింద తడి నేను ముందే చూశానమ్మా. నేను చెప్పొచ్చో లేదో తెలీక ఊరుకున్నాను." అప్పుడు డాక్టరు గారు ఆమె వైపు తిరిగి, "ఇకనుంచి మీరు చూడగానే గట్టిగా అరవండి, నేనుంటే నన్నే పిలవండి" అని అందరి ముందూ చెప్పాలి. ఆ మాట పైవాళ్ళ నోట రావాలి.

ఎవరైనా ఏడిస్తే కంగారు పడకండి. ఇలాంటి రాత్రిలో ఒక తల్లిని నిజంగా పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి ఆసుపత్రిలో ఉంటారు. మంచినీళ్ళిచ్చి, చర్చ ఆపి, వాళ్ళతో ఒకరు పక్కకు వెళ్ళి కూర్చోండి.

ఎనిమిదో మెట్టు: దొరికినవాటిని సరిచేయడం

ఒక నోటుబుక్కు పెట్టండి. ఎడమ పేజీలో దొరికిన లోపం, కుడి పేజీలో ఎవరు, ఎప్పటికి సరిచేస్తారు. తాళం, కరెంటు పోతే వెలగని టార్చి, ఆక్సిజన్ సిలిండరు తిప్పే స్పానరు, స్ట్రెచరు ఎక్కని ర్యాంపు, గోడ మీద పాతబడిన ఫోన్ నంబర్లు, ఇలాంటివే వస్తాయి. మనుషుల పేర్లు అందులో రాయకండి. వచ్చే సిమ్యులేషన్ ఆ నోటుబుక్కు తెరిచి మొదలవ్వాలి. తాళం ఇంకా అక్కడే ఉంటే ఎవరికీ ఈ సాధన మీద నమ్మకం ఉండదు.

తొమ్మిదో మెట్టు: పసికందు మొదటి నిమిషం

దీనికి పద్ధతి వేరు. 2010లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం మొదలుపెట్టిన 'హెల్పింగ్ బేబీస్ బ్రీత్' ఆ మొదటి నిమిషాన్ని 'గోల్డెన్ మినిట్' అంటుంది. మన దేశంలో 2009 నుంచి నవజాత శిశు సురక్షా కార్యక్రమం ఇదే నేర్పుతోంది. తుడవడం, వెచ్చగా ఉంచడం, వీపు రుద్దడం, ఊపిరి తీయకపోతే నిమిషంలోపు అంబూ బ్యాగుతో గాలి అందించడం, నిమిషానికి 40 నుంచి 60 సార్లు.

ఇక్కడ కథ చివరిదాకా ఆగి మాట్లాడుకోవడం వద్దు. మాస్కు ముక్కు మీద సరిగా కూర్చోకపోతే అక్కడే ఆపండి, తల స్థానం సరిచేయించండి, పది సెకన్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ చేయించండి. ఛాతీ లేచేదాకా. వారానికి అయిదు నిమిషాలు, డ్యూటీ మారే సమయంలో, ఒక్కొక్కరు. బొమ్మ లేబర్ రూములోనే అందుబాటులో ఉండాలి, బీరువాలో తాళం వేసి కాదు. నీళ్ళో గాలో నింపి వాడే 'నియోనటాలీ' బొమ్మ ఈ పనికి తగినది.

పదో మెట్టు: కొత్త యంత్రాల గురించి

ఇప్పుడు కళ్ళకు పెట్టుకునే వీఆర్ పరికరాలు వచ్చాయి, కృత్రిమ మేధతో మాట్లాడే రోగులు వచ్చారు. కొవిడ్ కాలంలో దూరం నుంచి వీడియోలో నడిపే టెలిసిమ్యులేషన్ విస్తరించింది. ఈ మూడింటిలో మనకు వెంటనే పనికొచ్చేది చివరిది. బరంపురంలోనో విశాఖలోనో ఉన్న అనుభవజ్ఞురాలు తెర మీద నుంచి మీ కథ చూసి, డిబ్రీఫింగ్ నడిపించగలదు. ఇక్కడ ఒక ఫోను, ఒక స్టాండు, పరవాలేదనిపించే సిగ్నలు చాలు. వీఆర్ ఒంటరి విద్యార్థికి ఆలోచన నేర్పగలదు గానీ ఫ్రిజ్ తాళం ఎక్కడుందో దానికి తెలియదు. మాట్లాడే రోగి విషయంలో కొనేముందు ఒడియాలో, తెలుగులో, మన యాసలో పరీక్షించండి. కువి మాట్లాడే తల్లితో పనిచేయాల్సిన సిస్టరుకు ఇంగ్లీషులో చక్కగా జవాబిచ్చే తెరమీది రోగి ఇవ్వగలిగింది తక్కువ. డబ్బు చేతిలో ఉంటే ముందు కొలత సంచులు, నియోనటాలీ, ఆ తర్వాత ఒకరిద్దరిని డిబ్రీఫింగ్ కోర్సుకు పంపడం. మిగిలితే మిగతావి.

పదకొండో మెట్టు: ఒంటరిగా ఉండకండి

ఈ పని చేసేవాళ్ళకు ప్రపంచంలో సొంత బంధుబలగమే ఉంది. యూరప్‌లో సెసామ్ అనే సిమ్యులేషన్ సంఘం 1994 నుంచి ఉంది. 2004లో ఏర్పడిన సొసైటీ ఫర్ సిమ్యులేషన్ ఇన్ హెల్త్‌కేర్ సొంత పత్రిక నడుపుతోంది, ఏటా సెప్టెంబరులో సిమ్యులేషన్ వారం జరుపుతోంది. నర్సుల సంఘం ఇనాక్సల్ 2021లో సవరించిన ప్రమాణాలు నెట్‌లో చదువుకోవచ్చు. అందులో ముందస్తు మాటలకు, డిబ్రీఫింగ్‌కు వేర్వేరు అధ్యాయాలున్నాయి. అవి రెండూ చదవండి, మిగతావి తర్వాత. మన దేశంలో పిల్లల వైద్యానికి పీడీస్టార్స్ బృందం శిక్షకులను తయారుచేస్తోంది.

దగ్గర్లో చూస్తే, 1962లో మొదలైన బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల, 2017లో మొదలైన కోరాపుట్ వైద్య కళాశాల ఉన్నాయి. 2019 నుంచి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికతో వైద్య కళాశాలల్లో స్కిల్ ల్యాబ్ తప్పనిసరి అయింది. 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలోనూ సిమ్యులేషన్ చేరింది. బిస్సంకటక్‌లో 1954 నుంచి ఉన్న క్రిస్టియన్ ఆసుపత్రి నర్సులకూ శిక్షణ ఇస్తుంది. సరిహద్దుకు అటు శ్రీకాకుళం, విజయనగరాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ల్యాబుల్లో బొమ్మలున్నా, మనలాంటి గదుల కథలు వాళ్ళకు కావాలి. ఉత్తరం రాసేటప్పుడు బొమ్మ అరువు అడగకండి. "మా దగ్గర ఒక కథ ఉంది, మీ విద్యార్థులతో నడిపి చూస్తారా" అని అడగండి. తలుపు త్వరగా తెరుచుకుంటుంది.

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, ఈ నాలుగు చోట్ల నుంచి ఒక్కో సిస్టరు కలిసినా ఒక వాట్సాప్ గుంపు చాలు. నెలకో కథ ఒకరు రాయాలి, అందరూ తమ గదిలో నడపాలి, దొరికిన లోపాలు పంచుకోవాలి. నిజమైన రోగి ఫొటో, పేరు, ఊరు, కేస్‌షీటు గుంపులో పడకూడదు. మొదటి రోజే ఈ నియమం పెట్టి, తప్పితే వెంటనే తీసేయండి.

గుంపు కుదిరాక కలిసి చేయదగిన మొదటి పని రిఫరల్ ఫోను సాధన. చిన్న ఆసుపత్రి సిస్టరు నిజంగానే ఫోను చేస్తుంది, అవతల పెద్దాసుపత్రి సిస్టరు ఎత్తుతుంది. ఎవరు, ఎక్కడి నుంచి, ఏం జరిగింది, ఇప్పుడు నాడి, రక్తపోటు ఎంత, ఏం ఇచ్చాం, ఎప్పుడు ఇచ్చాం, మీ నుంచి ఏం కావాలి, ఎన్ని గంటలకు చేరతాం. అంతా అర నిమిషంలో. అవతలివాళ్ళు రాసుకుని తిరిగి చదవాలి. తర్వాతి వారం పాత్రలు మార్చుకోండి. ఫోను ఎత్తే చోట కూర్చున్నాక, ఇవతల నుంచి రక్తం గ్రూపు చెప్పకుండా పెట్టేస్తే అక్కడివాళ్ళ చేతులు ఎలా కట్టేసినట్టు ఉంటాయో చిన్న ఆసుపత్రి సిస్టరుకు తెలుస్తుంది. ఆరు గంటల రోడ్డు మీద ఆమె చేసే తర్వాతి ఫోనులో ఆ వివరం ఉంటుంది.